ప్రేగులలోని సూక్ష్మజీవులు - రోగ నిరోధక శక్తి

ఆవు మేసిన గడ్డిని దాని పొట్టలోని సూక్ష్మజీవులే పులియబెట్టి అరుగునట్లు చేయునని రైతు సోదరులు విని యుందురు. మనిషి పెద్దప్రేగులో కూడ ఇట్టి జీవులు కోట్లకొలది కాపురమున్నవి. ఇవి పీచు పదార్థమును పులియబెట్టుటయే గాక, శరీరమును కాపాడు తెల్ల కణములకు ఎవరిని ఎదిరించవలెనో, ఎవరిని విడువవలెనో నేర్పుచున్నవి.

1973లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు నుర్మి, రంటాలా ఒక సంగతి ప్రకటించిరి. అప్పుడే పుట్టిన కోడిపిల్లలకు ఆరోగ్యముగల పెద్దకోళ్ల ప్రేగులలోని పదార్థమును పట్టగా, తరువాత సాల్మొనెల్లా క్రిములు వాటిలో అంతగా నిలువలేకపోయెను. యంత్రములో పొదిగిన పిల్లకు తల్లి రెట్ట తగులదు. ప్రేగులో చోటు ఖాళీ. మొదట వచ్చినవాడిదే కాపురము!

ఈ జీవుల ప్రభావము ప్రేగు దాటి కూడ పోవును. కేన్సరు కణములు తెల్ల కణములకు కళ్లెము వేసి తప్పించుకొనును. ఆ కళ్లెమును విప్పు సూదిమందులు నేడు వాడుకలో నున్నవి గాని, అవి అందరికి పనిచేయవు. 2015లో చికాగో విశ్వవిద్యాలయమువారు ఒకే జాతి ఎలుకలను రెండు చోట్ల నుండి తెప్పించి చర్మ కేన్సరు కణములు ఎక్కించిరి. ఒక మందలో గడ్డ త్వరగాను, రెండవదానిలో మెల్లగాను పెరిగెను. రెండింటిని ఒకే బోనులో ఉంచిన పిమ్మట చూడగా ఆ భేదము మాసిపోయెను. ఎలుకలు ఒకదాని పెంట ఒకటి తినును గదా! మొదటి మందకు బైఫిడో బాక్టీరియా త్రాగించగా గడ్డ పెరుగుదల తగ్గెను. సూదిమందు కూడ తోడైనప్పుడు దాదాపు ఆగిపోయెను.

2021లో ఇజ్రాయెలులో, మందుకు లొంగని 10 మంది చర్మ కేన్సరు రోగులకు, అట్టి మందుతో బాగుపడినవారి మలములోని సూక్ష్మజీవులనిచ్చి మరల చికిత్స చేయగా ముగ్గురికి గుణమిచ్చెను. ముగ్గురే యని తీసివేయరాదు. వారిపై ఆ మందు అంతకుముందు పనిచేయలేదు.

2018లో ఫ్రాన్సు పరిశోధకులు చెప్పినది మనకు మరింత ముఖ్యము. ఈ చికిత్సకు కొద్దిగా ముందో, మొదలైన కొత్తలోనో ఆంటిబయాటిక్ మందులు వాడిన రోగులు తక్కువ కాలము బ్రతికిరి. అవసరమైన ఆంటిబయాటిక్ మానుమని దీని భావము కాదు. ప్రతి జలుబుకు దుకాణములో అడిగి కొని మింగుట మాత్రము తగదు. మంచి బాక్టీరియా యని అమ్ము మాత్రల వలన కూడ 2021 నాటి అమెరికా పరిశీలనలో మేలు కనబడలేదు. పీచు ఎక్కువగా తినువారిలో మాత్రము వ్యాధి ముదరక ఎక్కువ కాలము నిలిచెను. పీచునకు జొన్నలు, పప్పుధాన్యములు, ఆకుకూరలు మన ఇంటనే కలవు. చికిత్సలో ఉన్నవారు ఏ మాత్ర వేసుకొనవలెనన్నను ముందు డాక్టరుకు చెప్పవలెను.