ఆరుగురికే అనుమతి, రెండు మీటర్ల దూరం: 2020లో ఇంగ్లాండ్‌లో మళ్లీ పెటాంక్

ఈద్ అయిన వారానికి, 2020 జూన్ 1 నుంచి, ఇంగ్లాండ్‌లో వేర్వేరు ఇళ్లవాళ్లు ఆరుబయట కలవడానికి అనుమతి వచ్చింది. ఆరుగురికి మించకూడదని, రెండు మీటర్ల దూరం పాటించాలని షరతు పెట్టారు. పెటాంక్ ఆడే క్లబ్బులకు ఈ లెక్క బాగా కుదిరింది.

ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ ఆటను అల్జీరియా, మొరాకో, ట్యునీషియాల్లోనూ ఇష్టంగా ఆడతారు. చిన్న చెక్క బంతిని 6 నుంచి 10 మీటర్ల దూరంలో వేసి, ఉక్కు గుండ్లను దాని దగ్గరికి విసరాలి, అంతే. జట్టుకు ముగ్గురైతే మొత్తం ఆరుగురే. పరుగు, తోపులాట ఉండవు కాబట్టి పెద్దవాళ్లూ ఆడొచ్చు.

మరి అప్పటి జాగ్రత్తలు? పరికరాలు పంచుకోవద్దన్నారు. అంటే ఎవరి గుండ్లు వాళ్లే తీసుకోవాలి, చెక్క బంతిని ఒక్కరే ముట్టుకోవాలి. గుండు దూరం కొలిచేటప్పుడే అందరూ దగ్గరికొచ్చి వంగుతారు. అప్పుడు ఒకరు కొలిస్తే మిగతావాళ్లు వెనక్కి జరగాలి. కరచాలనం వద్దు, సలాం చాలు.

ఇంట్లో ఒక్కరికి కరోనా లక్షణాలు కనిపించినా మిగతావాళ్లంతా 14 రోజులు బయటికి రాకూడదన్న నియమం అప్పట్లో ఉండేది. 70 ఏళ్లు, ఆపై ఉన్నవాళ్లు బయటివాళ్లను వీలైనంత తక్కువ కలవాలన్న సూచన అప్పటికీ ఉండేది. ఒంటరితనంతో విసిగిన నానాజాన్‌కు ఆట కావాలి, కానీ ఆయన క్షేమం పక్కన ఆడేవాళ్ల జాగ్రత్త మీదే ఉంటుంది.