తొమ్మిది వేల సార్లు లేచిన చెయ్యి

క్షణం తీరిక లేకుండా ఇంటా బయటా తిరిగే మనిషిని చూసి ‘ఆసులో కండెలా తిరుగుతోంది’ అంటాం. మగ్గాల ఇళ్లలో పుట్టిన మాట ఇది. ఆ తిరుగుడులో ఎంత కష్టం ఉందో మన భాష ఎప్పుడో గుర్తించింది. దాన్ని తగ్గించే యంత్రం మాత్రం 1999లో గానీ రాలేదు. తయారు చేసింది పెద్ద పరిశోధనశాల కాదు. పాత నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటలో ఆరో తరగతితో బడి మానేసిన నేత కుటుంబపు యువకుడు చింతకింది మల్లేశం.

డిజైన్ థింకింగ్, యూజర్ ఎక్స్‌పీరియెన్స్ అనే మాటలు ఇవాళ హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినిపిస్తాయి. వాడేవాళ్ల కష్టసుఖాల నుంచి మొదలుపెట్టి వస్తువునో సేవనో రూపొందించడం డిజైన్ థింకింగ్. దాన్ని వాడేటప్పుడు మనిషి ఒంటికీ మనసుకూ కలిగే అనుభవం మొత్తం యూజర్ ఎక్స్‌పీరియెన్స్. ఈ రెండూ కంప్యూటర్ తెరకు మాత్రమే చెందినవని చాలామంది అనుకుంటారు. అవి అసలు ఎక్కడ మొదలవుతాయో తెలియాలంటే మల్లేశం తల్లి లక్ష్మి ఆసు ముందు కూర్చున్న చోటికి వెళ్లాలి.

ఆసు పోయడమంటే

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం చీరల మీద కనిపించే డిజైన్ నేసిన తరువాత అద్దింది కాదు. నేయక ముందే నూలు పోగు మీద రంగు పడుతుంది. ఏ పోగులో ఏ చోట ఏ రంగు ఉండాలో ముందే లెక్క కట్టి, రంగు అంటకూడని చోట్ల గట్టిగా చుట్టి కట్టి, అద్దకపు తొట్టిలో ముంచుతారు. ఆరాక కట్లు విప్పి, ఇంకో చోట కట్టి, మరో రంగులో ముంచుతారు. ఇలా రంగు పడిన పోగులు మగ్గం మీద పక్కపక్కన చేరినప్పుడు పువ్వో ఏనుగో చిలుకో తేలుతుంది. పోగు కొద్దిగా జరిగినా చిలుక ముక్కు చెదిరిపోతుంది.

కట్లు కట్టాలంటే పేక నూలంతా, అంటే అడ్డపోగులన్నీ, ఒక పద్ధతిలో పరచి ఉండాలి. అందుకే ఆసు. అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు దిగ్గొట్టిన చట్రం ఇది. దానికి ఎదురుగా, కేంద్రంలో ఒక మేకు ఉంటుంది. పోగు కేంద్రం దగ్గర బయలుదేరి అంచు మేకును చుట్టి వెనక్కి రావాలి. ఒక్కో మేకుకు లెక్క ప్రకారం చుట్లు వేసి పక్క మేకుకు జరగాలి. పని పూర్తయ్యేసరికి నూలు విసనకర్రలా విచ్చుకుంటుంది. కేంద్రం నుంచి అంచుకున్న దూరం చీర వెడల్పుకు సరిపోయేలా, సుమారు మీటరు ఉంటుంది. చుట్ల లెక్క ఒక్కచోట తప్పినా ఆ తప్పు చీర మీద కనబడుతుంది. అందుకే చేయి ఆడుతున్నంతసేపూ కన్ను తిప్పడానికి వీల్లేదు.

ఒక చీరకు సరిపడా ఆసు పోయాలంటే చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. నాలుగైదు గంటల పని. ఐదు గంటలంటే 18,000 సెకన్లు. అంటే చేయి రెండు సెకన్లకు ఒకసారి కదులుతూనే ఉండాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 కదలికలు. ఒక్కో కదలికకు మీటరు చొప్పున వేసుకున్నా, కూర్చున్న చోటే చేయి 18 కిలోమీటర్లు నడిచినట్టు. నేత ఇళ్లలో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. వంట, పిల్లలు, నీళ్లు, బట్టలు దీనికి అదనం.

భుజంలో ఏం జరుగుతుంది

చేయి పైకెత్తడానికి సాయపడే ఒక సన్నని స్నాయువు భుజం ఎముక కింద ఇరుకైన సందులోంచి పోతుంది. చేయి లేచినప్పుడు ఆ సందు ఇంకా బిగుస్తుంది. ఒకటి రెండు సార్లయితే ఏమీ కాదు. వేల సార్లు ఒరుసుకుంటే స్నాయువులో కంటికి కనిపించని చిరుగులు పడతాయి. అక్కడ రక్తప్రసారం తక్కువ కాబట్టి అవి త్వరగా మానవు. రాత్రి విశ్రాంతి చాలకపోతే నిన్నటి చిరుగు మీద ఇవాళ్టి చిరుగు చేరుతుంది. ఏళ్లు గడిచేసరికి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవని స్థితి వస్తుంది.

శ్రమను శాస్త్రీయంగా కొలిచే పద్ధతుల్లో ఒకటి ‘రూలా’. మెక్‌అటామ్నీ, కార్లెట్ అనే బ్రిటన్ పరిశోధకులు దీన్ని 1993లో ప్రకటించారు. దీని తయారీలో దుస్తుల కర్మాగారాల పనివాళ్లనూ గమనించారు. ఒకే కదలిక నిమిషానికి నాలుగుసార్లకు మించితే ఈ పద్ధతిలో ప్రమాదపు మార్కు పెరుగుతుంది. ఆసు దగ్గర మన లెక్క ప్రకారం అది నిమిషానికి 30. చేతులు నొస్తున్నాయని తరతరాలుగా ఆ ఇళ్ల ఆడవాళ్లు చెప్పిన మాటకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఏడేళ్ల వెతుకులాట

తల్లి బాధను రోజూ చూస్తున్న మల్లేశం 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. ఇంజినీరింగ్ చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. అప్పులు చేశాడు, ఎగతాళికి గురయ్యాడు. పనిని ముక్కలు చేసి, ఒక్కో కదలికనూ విడిగా సాధించుకుంటూ వెళ్లాడు.

ఆసు పోసే చేతిలో నిజానికి మూడు పనులున్నాయి. మొదటిది కేంద్రానికీ అంచుకూ మధ్య ముందుకూ వెనక్కూ పోవడం. రెండోది మేకును చుట్టి రావడం. మూడోది లెక్క పూర్తవగానే పక్క మేకుకు జరగడం. మోటారు ఆగకుండా గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడును ముందువెనకల కదలికగా మార్చడం యంత్రశాస్త్రంలో పాత విద్యే. చివరి పనిలో చిక్కు ఉంది. అక్కడ యంత్రం కొంతసేపు ఆగాలి, లెక్క ముగియగానే ఒక్క అడుగు జరగాలి, మళ్లీ ఆగాలి. గడియారం ముల్లు టిక్కుటిక్కుమంటూ జరిగినట్టుగా అన్నమాట. మనిషి చేతికి ఇది ఆలోచించకుండానే వస్తుంది. యంత్రానికి నేర్పడమే కష్టం.

బతుకుతెరువుకు హైదరాబాద్ చేరి కరెంటు పని చేస్తూ కూడా ఆయన యంత్రం సంగతి మరిచిపోలేదు. 1999లో బాలానగర్ పారిశ్రామికవాడలో పనికి వెళ్లినప్పుడు ఒక యంత్రంలో తాను వెతుకుతున్న లాంటి కదలిక కంటపడింది. దగ్గరి వర్క్‌షాపులో లేతు అద్దెకు తీసుకుని ఆ భాగం తయారు చేసుకుని ఊరికి పట్టుకెళ్లాడు. యంత్రం పనిచేసింది. దానికి తల్లి పేరు పెట్టాడు. అదే లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. పైగా ఆ గంటన్నరా మనిషి చేయి ఆడనక్కరలేదు, పోగు తెగితే చూసుకుంటే చాలు. ఆ తరువాత బరువు, చప్పుడు, అదురు తగ్గిస్తూ, ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరుస్తూ దాన్ని మెరుగుపరుస్తూ వచ్చాడు. గ్రామీణ ఆవిష్కర్తలను వెతికి వెలుగులోకి తెచ్చే ‘పల్లె సృజన’ సంస్థ ఆయనకు తోడు నిలిచింది. 2009లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పురస్కారం, 2017లో పద్మశ్రీ వచ్చాయి. 2019లో ఆయన కథ ‘మల్లేశం’ పేరుతో సినిమా అయింది.

ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది అది మార్చకుండా వదిలేసిన సంగతి. అర్ధచంద్రాకారపు అమరిక అలాగే ఉంది. అందుకే తరువాత గుర్తులు పెట్టేవాళ్లు, కట్లు కట్టేవాళ్లు, రంగులు అద్దేవాళ్లు కొత్తగా నేర్చుకోవలసింది లేకపోయింది. చీర అందం మనిషి చేతిలోనే ఉండిపోయింది, నొప్పి మాత్రం యంత్రానికి పోయింది. ఎక్కడ చేయి పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియడం రూపకర్తకు ఉండవలసిన మొదటి విజ్ఞత.

పుస్తకాల్లో దీని పేరు

డిజైన్‌ను ఒక ఆలోచనా శాస్త్రంగా చూసిన తొలి పుస్తకాల్లో హెర్బర్ట్ సైమన్ 1969లో రాసినది ముఖ్యమైంది. యూజర్ ఎక్స్‌పీరియెన్స్ అనే మాటను 1990ల తొలినాళ్లలో ఆపిల్ కంపెనీలో పనిచేస్తూ డోనాల్డ్ నార్మన్ ప్రచారంలోకి తెచ్చాడు. 2005లో మొదలైన స్టాన్‌ఫర్డ్ డిజైన్ స్కూలు ఐదు మెట్లు చెబుతుంది: మనిషి కష్టాన్ని దగ్గరగా చూడు, సమస్యను సరిగ్గా చెప్పుకో, ఉపాయాలు ఆలోచించు, నమూనా చెయ్యి, వాడేవాళ్ల చేతికిచ్చి పరీక్షించు.

శారాజీపేటలో ఈ ఐదూ ఆ బడి పుట్టక ముందే జరిగాయి. వాటిలో రెండో మెట్టు మీద ఒక్క క్షణం ఆగాలి. ‘ఉత్పత్తి ఎలా పెంచాలి?’ అని అడిగి ఉంటే జవాబు మరమగ్గం వైపు పోయేది. ‘అమ్మ చెయ్యి ఎత్తకుండా ఆసు ఎలా పోయాలి?’ అని అడిగినందుకే ఈ యంత్రం వచ్చింది. సమస్యను ఏ మాటల్లో చెప్పుకుంటామో పరిష్కారం ఆ దారినే నడుస్తుంది.

ఒకరి పరిష్కారం అందరికీ పనికిరాదు కూడా. పాలమూరు వైపు గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. అంచు పేకనూ ఒంటి పేకనూ వేరు వేరు నాడెలతో నేస్తూ ప్రతి వరసలో ఒకదానితో ఒకటి మెలివేసి కలిపే కుప్పడం పని అక్కడి కష్టం. గద్వాల నేతగాడికి ఆసు యంత్రం ఇస్తే ఏం లాభం? అతని పక్కన మళ్లీ మొదటి నుంచి కూర్చోవాలి.

బకెట్టు నేర్పిన పాఠం

నల్లగొండ పేరు ప్రపంచానికి మరో విధంగానూ తెలుసు. ఇక్కడి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్లలో పళ్లు గారపట్టాయి, నడుములు వంగిపోయాయి. 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు చవకైన శుద్ధి పద్ధతి కనుగొన్నారు. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. నీళ్లలో పటిక, సున్నం కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ రేకులు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీళ్లు వాడుకోవాలి. ఆఫ్రికా దేశాల వరకు వెళ్లిన పద్ధతి ఇది.

రసాయనశాస్త్రం నిక్కచ్చిగా ఉంది. కానీ ఇంట్లో బకెట్టుతో చేసేటప్పుడు ఎవరికి ఏ పని పడుతుందో చూడండి. నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది. రోజూ కొలవాలి, ముందు జోరుగా, తరువాత మెల్లగా కలపాలి, తేరే వరకు ఆగాలి, అడుగున మిగిలిన మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. రుచి కొంచెం మారితే పిల్లలు తాగబోమని మారాం చేస్తారు. ఈ పనులన్నీ ఆసు ముందు కూర్చునే ఆ చేతికే అదనంగా వచ్చి పడతాయి. ఆసు యంత్రం ఆ చేతి పని తగ్గించింది, ఈ బకెట్టు పెంచింది. కృష్ణా నీళ్లను శుద్ధి చేసి ఇంటి నల్లా దాకా తెచ్చే మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. నల్లా తిప్పితే మంచినీళ్లు వచ్చినప్పుడు తాగే మనిషి కొత్తగా చేయవలసిన పని ఏమీ ఉండదు. రోజూ ఓపిక అడిగే పరిష్కారం కంటే ఏమీ అడగని పరిష్కారమే ఎక్కువకాలం నిలుస్తుంది.

నిమిషాలూ లెక్కే

సేవలను కూడా ఇలాగే కొలవవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి చెల్లింపుకు వేలిముద్రల స్మార్ట్ కార్డులు తెచ్చినప్పుడు నల్లగొండతో సహా ఎనిమిది జిల్లాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పెద్ద అధ్యయనం చేశారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కో విడతకు 22 నిమిషాలు తగ్గింది. 90 శాతానికి పైగా లబ్ధిదారులు పాత పద్ధతికంటే ఇదే మేలన్నారు. మెషిన్లు ఎన్ని పంచామన్న లెక్కతో సరిపెట్టకుండా కూలీ ఎంతసేపు నిలబడిందో చూశారు కాబట్టే ఆ 22 నిమిషాలు కనబడ్డాయి. అయితే రాళ్లెత్తి, నాట్లేసి అరిగిన వేళ్లను వేలిముద్రల యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. ఆ వేళ్లను దృష్టిలో పెట్టుకుని మరో దారి తెరిచి ఉంచినప్పుడే ఆ సేవ పూర్తయినట్టు.

మన పనిలో

భారత ప్రభుత్వం కోరితే 1958లో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు ఇచ్చిన నివేదిక అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థకు పునాది అయింది. అందులో వాళ్లు గొప్పగా మెచ్చుకున్న వస్తువు మన చెంబు. నిండినప్పుడు బరువు, వంచినప్పుడు ధార, నడుము మీద పెట్టుకుంటే ఒదిగే తీరు, తోమేటప్పుడు చెయ్యి లోపలికి పట్టడం, ఇవన్నీ తరాల వాడకంలో కుదిరాయి. చెంబుకు తరాలు పట్టింది. అంత సమయం లేని మనం ఆ గమనింపును కావాలని, పద్ధతిగా చేయాలి.

ఆసుపత్రి ఓపీ చీటీ రూపొందించేవారైనా, రైతులకు మొబైల్ యాప్ రాసేవారైనా, మండల ఆఫీసులో దరఖాస్తు నమూనా తయారుచేసేవారైనా మొదటి రోజు కంప్యూటర్ తెరవకండి. వాడబోయే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. ఎన్నిసార్లు లేచింది, ఎన్నిసార్లు ఇంకొకరిని అడిగింది, ఎక్కడ చేయి ఆగింది, కాగితం మీద గీతలు పెట్టుకోండి. ‘ఎలా ఉంది?’ అంటే మర్యాదకు ‘బాగుంది సార్’ అంటారు. గీతల లెక్కకు మొహమాటం ఉండదు.

శారాజీపేటలో ఆ లెక్క తొమ్మిది వేలని తేలింది. ఆ అంకె అంతకు ముందూ ఉంది, ప్రతి నేత ఇంట్లోనూ ఉంది. కొడుకు దాన్ని తల్లి తలరాతగా సరిపెట్టుకోలేదు, తాను తీర్చవలసిన పనిగా ఎత్తుకున్నాడు.