ఉబ్బసవ్యాధి – ఈత

ఉబ్బసమున్న పిల్లవాడు కొంతసేపు పరుగెత్తగనే పిల్లికూతలతో ఆయాసపడును. అందుచేత డ్రిల్లు పీరియడులో అతనిని చెట్టుకింద కూర్చుండబెట్టుట పరిపాటి. కాని వ్యాయామము మానినకొలది శరీరపు సత్తువ తగ్గి, చిన్న శ్రమకే ఆయాసము కలుగును. ఈ చిక్కును తప్పించుటకు ఈత మంచి ఉపాయము.

పరుగు ఆయాసమునేల తెచ్చును? విశ్రాంతిగా ఉన్నపుడు మనిషి నిమిషమునకు సుమారు 6 లీటర్ల గాలిని పీల్చును. ముక్కు ఆ గాలిని వెచ్చబరచి, తడిపి లోనికి పంపును. పరుగెత్తునపుడు ఈ పరిమాణము పదిరెట్లు కావచ్చును. అప్పుడు నోటితో పీల్చక తప్పదు. పొడిగాలి శ్వాసనాళికల లోపలి పొరనుండి తేమను లాగుకొనును. అచ్చటి ద్రవములో లవణముల గాఢత పెరుగును. దానితో కొన్ని కణములు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ అను పదార్థములను విడుదల చేయును. వీటి ప్రభావమున నాళికల చుట్టునున్న కండరములు బిగుసుకొని, గాలిదారి ఇరుకగును.

హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ విద్యార్థి ఒకడు డిసెంబరు ఉదయమున కె.బి.ఆర్. పార్కు చుట్టు పరుగెత్తుననుకొందము. అతడు పీల్చునది చల్లని పొడిగాలి. దానికి తోడు వాహనముల పొగ. అతడే ఈతకొలనులో ఉన్నచో నీటిమట్టమునకు ఆనుకొని ఉండు తేమగాలిని పీల్చును. కనుక నాళికలు అంతగా ఎండవు.

2013లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్ష 8 పరిశోధనలలోని 262 మంది బాలబాలికల ఫలితములను పరిశీలించినది. ఉబ్బసము అదుపులో ఉన్నవారికి ఈత సరిపడినదనియు, వారి దేహదారుఢ్యము, ఊపిరితిత్తుల పనితీరు మెరుగైనవనియు తెలిపినది. అమెరికా క్రీడాకారిణి ఏమీ వాన్ డైకెన్ ఉబ్బసము కారణముగనే బాల్యమున ఈత మొదలిడి, 1996 అట్లాంటా ఒలింపిక్సులో 4 స్వర్ణపతకములు గెలిచెను.

అయితే కొలనులోను ఒక ప్రమాదము కలదు. నీటిని శుద్ధిచేయు క్లోరిను, మనుష్యుల చెమట, మూత్రములతో కలిసి క్లోరమీనులగును. కొలనువద్ద ముక్కుకు తగులు ఘాటు వీటిదే. ఇవి శ్వాసనాళికలను బాధించును. కావున గాలి ధారాళముగా ఆడు బహిరంగపు కొలను మేలు. నీటిలో దిగుటకు ముందు అందరును స్నానము చేయవలెను.

ఈత ఉబ్బసమును నయము చేయదు. మందులకు బదులును కాదు. వైద్యుని సలహాపై, వ్యాధి అదుపులో ఉన్నపుడే మొదలిడవలెను. ముందుగా పది నిమిషములు తేలికగా కాలుసేతులు ఆడించవలెను. ఇన్‌హేలరు గట్టుపై అందుబాటులో ఉండవలెను. ఒంటరిగా ఈదరాదు, ఆయాసము తోచగనే ఒడ్డు చేరవలెను.