జీవితమును కొలుచు కుంచము

పూర్వము కళ్లములో ధాన్యము కొలుచునపుడు రైతు చూపు రాశిపై కన్న ముందుగా కుంచముపై నిలిచెడిది. పుచ్చుకొనుటకు ఒకటి, ఇచ్చుటకు ఒకటిగా రెండు కుంచములు ఉంచుకొను షావుకార్ల కథలు మన పల్లెలలో నేటికిని వినవచ్చును. కొలిచినది ఎంతయో తెలిసినంత మాత్రమున చాలదు. కుంచము ఎవరిదో కూడ తెలియవలెను. దేశములకును నగరములకును జీవన ప్రమాణములను బట్టి వరుస సంఖ్యలు వేయుచున్న ఈ కాలమున, మన పెద్దల ఆ జాగ్రత్త విద్యార్థులకు మిక్కిలి అవసరము.

ఇందుకు హైదరాబాదు నగరమే చక్కని ఉదాహరణము. మాదాపూరు రాతిగుట్టల నడుమ నిర్మించిన సైబర్ టవర్స్ భవనమును 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. అటుపిమ్మట గచ్చిబౌలి, రాయదుర్గము, కొండాపూరుల వరకు అద్దాల సౌధములు వ్యాపించి, ఆ ప్రాంతమునకు సైబరాబాదు అను పేరు స్థిరపడినది. విదేశీ సంస్థలు వచ్చినవి. వాటితోపాటు విదేశీ కొలతలును వచ్చినవి.

మెర్సర్ అను అంతర్జాతీయ సలహా సంస్థ జీవన నాణ్యతను బట్టి ప్రపంచ నగరముల పట్టికను ప్రకటించుచుండును. 2015 మొదలు 2019 వరకు ప్రతి పట్టికలోను భారతీయ నగరములలో హైదరాబాదు అగ్రస్థానమున నిలిచినది. చివరి రెండుసార్లు ఆ గౌరవమును పుణే నగరముతో పంచుకొన్నది. ఆ వార్త విని మనవారు సంతోషించిరి. అయితే 2019 పట్టికలోని 231 నగరములలో మన స్థానము 143. మొదటి స్థానము వియన్నా నగరమునది.

ఇక ఈ కుంచము ఎవరిదో చూతము. ఒక పెద్ద సంస్థ తన ఉద్యోగిని స్వదేశమునుండి పరదేశమునకు పంపునపుడు, అక్కడ అతనికి కలుగు ఇబ్బందికి తగిన అదనపు భత్యము ఎంత అను ప్రశ్న పుట్టును. ఆ నిర్ణయమునకు తోడ్పడుటకే ఈ పట్టిక ఏర్పడినది. న్యూయార్కు నగరమును నూరుగా భావించి, పది వర్గములలోని 39 అంశములను బట్టి తక్కిన నగరములను దానితో పోల్చుదురు. శాంతిభద్రతలు, వైద్యము, రవాణా, గాలి, నీరు అందులో ఉన్నవి. కాని అందు పాఠశాలలనగా ప్రధానముగా అంతర్జాతీయ పాఠశాలలు. గృహవసతి యనగా విదేశీయునికి తగిన అద్దె ఇల్లు. ఉద్దేశించిన పనికి ఈ కొలత సరియైనదే. అయితే అది అతిథి కొరకు చేసిన కుంచము. రాయదుర్గములో ఇటుకలు మోయుటకు పాలమూరు నుండి వచ్చిన తల్లి, తన బిడ్డకు సర్కారు బడి ఎంత దూరమని అడిగినచో ఆ పట్టిక సమాధానము చెప్పజాలదు.

మరియొక కుంచముతో కొలిచినపుడు ఇదే నగరము వేరొక తీరున కనిపించినది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారముల మంత్రిత్వశాఖ 2018లో 111 నగరములకు సులభ జీవన సూచికను ప్రకటించినది. అందు పుణేకు ప్రథమ స్థానము, తిరుపతికి 4వది, విజయవాడకు 9వది, హైదరాబాదునకు 27వది. అదే సంవత్సరము మెర్సర్ పట్టికలో పుణే, హైదరాబాదు సమానముగా 142వ స్థానమున ఉన్నవి. నగరములు మారలేదు, అడిగిన ప్రశ్నలు మారినవి. ఆ తరువాతి సులభ జీవన సూచిక 2021 మార్చిలో వెలువడినది. అందులో 30 శాతము విలువను పౌరుల సొంత అభిప్రాయమునకు కేటాయించిరి. పది లక్షలకు మించిన జనాభా గల నగరములలో ఈసారి బెంగుళూరు మొదటిది, హైదరాబాదు 24వది.

దేశములను పోల్చుటకు చిరకాలము జాతీయాదాయమే కొలమానముగా ఉండెను. అమెరికాలో ఆ లెక్కలను రూపొందించిన సైమన్ కుజ్నెట్స్ పండితుడే, ఆదాయమును బట్టి ప్రజల క్షేమమును ఊహించరాదని 1934లోనే హెచ్చరించెను. ఆ హెచ్చరికను చాలకాలమునకు పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ ఆచరణలో పెట్టెను. ఆయన కేంబ్రిడ్జిలో తన సహాధ్యాయియైన మన అమర్త్యసేన్ తోడ్పాటుతో, ఐక్యరాజ్యసమితి పక్షమున 1990లో మానవాభివృద్ధి సూచికను వెలువరించెను. మనుష్యుని జీవితమును ఒక్క సంఖ్యలో ఇముడ్చుట మోటుపని యని సేన్ మొదట సందేహించిరి. ఆదాయపు లెక్కయు అంత మోటైనదే గనుక, దానిని ఎదుర్కొనుటకు అటువంటి సంఖ్యయే కావలెనని హక్ ఆయనను ఒప్పించెను.

ఈ సూచికను ఉన్నత పాఠశాల విద్యార్థులే నల్లబల్లపై కట్టవచ్చును. 2023 సంవత్సరమునకు భారతదేశపు సగటు ఆయుర్దాయము 72 ఏండ్లు. కనిష్ఠము 20, గరిష్ఠము 85 అని నియమము. కావున 52ను 65చే భాగించినచో 0.800 వచ్చును. నేటి బాలునికి లభింపగల చదువు 13 ఏండ్లు, గరిష్ఠము 18. ఇరువదియైదేండ్లు దాటినవారు సగటున చదివినది 6.9 ఏండ్లు, గరిష్ఠము 15. ఈ రెండు భాగఫలముల సగటు 0.591. ఆదాయమును లాగరిథముల సాయమున లెక్కించినచో సుమారు 0.681. ఏలననగా, పేదవానికి చేరిన వేయి రూపాయల విలువ ధనికునికి చేరిన వేయి కన్న ఎక్కువ. ఈ మూడింటిని గుణించి ఘనమూలము తీసిన 0.685 అగును. 193 దేశములలో మనది 130వ స్థానము. మూడింటిలో మనలను వెనుకకు లాగుచున్నది చదువేయని ఉపాధ్యాయులు గమనింపకపోరు. మన దేశమున పెద్దల సగటు చదువు ఏడవ తరగతియైనను పూర్తికాలేదు.

తెలంగాణమునకు వచ్చి చూచినను ఒక్క సంఖ్య చాలదని తెలియును. 2020లో సజీవముగా పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఏడాది నిండకుండ మరణించినవారు దేశమున 28, తెలంగాణమున 21, కేరళలో 6. ఇందు మనము దేశము కన్న మెరుగు. అక్షరాస్యతలోనో, 2011 జనాభా లెక్కలలో దేశము 73 శాతమునందుకొనగా తెలంగాణము 67 శాతమునైనను చేరలేదు. సైబర్ టవర్స్ వెలసి అప్పటికి పదమూడేండ్లు నిండవచ్చినవి!

సగటు లెక్క మరియొక మాయ చేయును. తలసరి ఆదాయములో రాష్ట్రమున మొదటిది రంగారెడ్డి జిల్లా. హైటెక్ సిటీ ఉన్న శేరిలింగంపల్లి మండలము ఆ జిల్లాలోనిదే. మాడ్గుల, మంచాల మండలముల మెట్టపొలములును ఆ జిల్లాలోనివే. సౌధములలోని సంపాదనను జిల్లా జనులందరికి కాగితముపై పంచినపుడు, వానకై ఎదురుచూచు రైతు కూడ ఆ లెక్కలో ధనికుడగును. అతని ఇంటికి మాత్రము ఆ సొమ్ము చేరదు.

అట్లని కొలతలను త్రోసిపుచ్చరాదు. కొలువని బాధను ప్రభుత్వములు సులభముగా మరచును. శిశుమరణములను లెక్కించుట వలననే వాటిని తగ్గింపవలెనను పట్టుదల కలిగినది. కావలసినది కొలతను ప్రశ్నించు అలవాటు. పట్టిక కనిపించినపుడు మూడు సంగతులు విచారింపవలెను: కొలిచినది ఎవరు? ఎవరి కొరకు? లెక్కకు రానివారు ఎవరు?

ఈ పాఠమునకు పుస్తకము కన్న వీధి మేలు. విద్యార్థులు తమ వాడలో పది ఇండ్లకు వెళ్లి, మంచినీరు రోజునకు ఎన్ని గంటలు వచ్చును, బడికి నడచుటకు ఎంతసేపు పట్టును, జ్వరము వచ్చినచో వైద్యుడు ఎంత దూరమున దొరకును, చీకటి పడిన పిమ్మట ఆడపిల్ల ఒంటరిగా రాగలదా అని అడిగి వ్రాసికొనవచ్చును. మొదట వారినే ఒక ప్రశ్న అడుగుడు: ఈ నాలుగింటిలో దేనికి ఎన్ని మార్కులు? బాలికలు ఒకటి చెప్పుదురు, బాలురు వేరొకటి చెప్పుదురు. ఆ వాదము ముగిసిన పిదప పట్టిక తయారుచేయించి, ప్రతి నొకదానిని పంచాయతీకో పురపాలక కార్యాలయమునకో పంపుడు.