అండర్-17 అంటే ఎవరు? పుట్టిన తేదీతో మొదలయ్యే ఆట



2025 నవంబరు 30, ఆదివారం. అహ్మదాబాద్‌లో మన దేశపు అండర్-17 అబ్బాయిల ఫుట్‌బాల్ జట్టు ఇరాన్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. సోమవారం పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను ఇంగ్లీష్ పాఠం మొదలుపెట్టనిస్తే ఒట్టు! అందరూ ఆ గోల్స్ గురించే మాట్లాడుతున్నారు. ఒక పాప లేచి, "టీచర్, వాళ్లకు పదిహేడేళ్లు దాటలేదని ఎవరు లెక్కపెడతారు?" అని అడిగింది. క్లాసులో బాగా ఫుట్‌బాల్ ఆడే అబ్బాయి మాత్రం తలొంచుకుని కూర్చున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు మనందరికీ అవసరమైనదే. ఆ అబ్బాయి మౌనానికి కారణం కూడా ఆ జవాబులోనే ఉంది.

ఏమిటీ పోటీలు?

ప్రపంచ కప్ ఆడేది పెద్దల జట్టు. దానికి కింద అండర్-17, అండర్-20 లాంటి మెట్లు ఉంటాయి. మన దేశం, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్ కలిసి దక్షిణాసియా పోటీలు ఆడతాయి. 2025 సెప్టెంబరులో కొలంబోలో జరిగిన అండర్-17 పోటీ ఫైనల్లో మన పిల్లలు బంగ్లాదేశ్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చారు. దాని పైమెట్టు ఆసియా కప్. అమ్మాయిలూ వెనకబడలేదు. 2025 అక్టోబరులో మన అండర్-17 అమ్మాయిల జట్టు ఉజ్బెకిస్తాన్‌ను ఓడించి వాళ్ల ఆసియా కప్‌కు అర్హత పొందింది.

ఇవి మనకు అందని ద్రాక్షలేమీ కావు. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 2-2తో ముగిసి, భారత్, ఇరాన్ సంయుక్త విజేతలయ్యాయి. ఆ జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ మన హైదరాబాద్ వాడే. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య జాతీయ జట్టుకు ఆడింది, క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది.

వయసు ఎలా లెక్కిస్తారు?

చాలామంది "ఆట రోజుకు పదిహేడు నిండకూడదు" అనుకుంటారు. అసలు లెక్క పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. 2026 అండర్-17 ఆసియా కప్ ఆడాలంటే 2009 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. 2008 డిసెంబరు 31న పుట్టిన పిల్లవాడికి అవకాశం లేదు. ఒక్క రోజు తేడా అయినా తేడాయే.

కాగితాలు మాత్రమే చూస్తే మోసం చేసేవాళ్లు ఉంటారు కాబట్టి శరీరాన్ని కూడా అడుగుతారు. బొటనవేలి వైపున్న ముంజేతి ఎముక చివర, మణికట్టు దగ్గర, ఎదిగే వయసులో ఒక మెత్తటి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఎదుగుదల పూర్తయ్యే కొద్దీ ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. పదిహేడు నిండని అబ్బాయిల్లో అది పూర్తిగా కలిసిపోవడం చాలా అరుదు. అందుకే 2009 నుంచి ఫిఫా అబ్బాయిల అండర్-17 ప్రపంచ కప్‌లో మణికట్టుకు ఎంఆర్‌ఐ తీస్తోంది. ఇంకా చిన్న పిల్లలకు మన దేశంలో ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు అంచనా వేస్తారు. ఇది అంచనానే. తొందరగా ఎదిగే పిల్లలూ, ఆలస్యంగా ఎదిగే పిల్లలూ ఉంటారు. కాబట్టి నిజమైన పుట్టిన తేదీ కాగితం మీద తప్పు లేకుండా ఉండటమే పిల్లలకు మొదటి రక్ష.

ఒక తేదీ ఆపేసిన ఆట

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. మా పీఈటీ సారు సెలవులో ఉండటంతో ఒకసారి అండర్-14 ఎంపికలకు పిల్లల్ని నేను తీసుకెళ్లాను. బర్త్ సర్టిఫికెట్‌లో వాడు పుట్టింది జనవరిలో. బడి రికార్డులో మాత్రం అంతకు ముందు ఏడాది మే. చిన్నప్పుడు వేరే ఊళ్లో ఎల్‌కేజీలో చేర్చేటప్పుడు వయసు కొన్ని నెలలు తక్కువైందని ఇంట్లోవాళ్లే తేదీ వెనక్కి జరిపి రాయించారు. అప్పుడది చిన్న సర్దుబాటు. ఎంపికల బల్ల దగ్గర అది రెండు వేర్వేరు సంవత్సరాలైంది. రెండు కాగితాలు కలవలేదని పంపేశారు. తిరుగు ప్రయాణంలో వాడు బస్సు కిటికీలోంచి చూస్తూ ఒక్కటే అడిగాడు, "టీచర్, నేను తప్పు ఆడానా?"

ఏం చెప్పాలో నాకు తోచలేదు. వాడు బంతి ముట్టుకోనే లేదు.

మన ప్రాంతంలో ఈ మాట వివరించక్కర్లేదు. సర్వీసు రికార్డులో పుట్టిన తేదీ ఒక్కటి తేడా వస్తే ఎంత తిరగాల్సి వస్తుందో సింగరేణి కుటుంబాల్లో పెద్దలకు బాగా తెలుసు.

ఎంపిక కాకపోతే?

తేదీ సరిగ్గా ఉన్నా ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఒకే సంవత్సరంలో పుట్టినా జనవరి బిడ్డకూ డిసెంబరు బిడ్డకూ దాదాపు ఏడాది తేడా. పదమూడేళ్ల వయసులో ఆ తేడా ఎత్తులో, బలంలో, పరుగులో కనిపిస్తుంది. అందుకే చాలా దేశాల్లో చిన్న వయసు జట్లలో సంవత్సరం మొదట్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా ఉంటారు. మీ డిసెంబరు బిడ్డ ఈసారి ఎంపిక కాలేదంటే ఆట రాదని కాదు, ఇంకా ఎదుగుతున్నాడని. దయచేసి బూట్లు అటక ఎక్కించకండి.

ఈ వారం ఇంట్లో చూడండి

1. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి తేదీ, పేరు స్పెల్లింగ్, తల్లిదండ్రుల పేర్లు సరిచూడండి.

2. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదు. అసలు ఆధారం బర్త్ సర్టిఫికెట్. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ చట్టప్రకారం అదే కావాలి.

3. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు. ముందు బర్త్ సర్టిఫికెట్ సరిచూసుకుని, ఆ తర్వాతే ఆధార్ కేంద్రానికి వెళ్లండి.

4. బడి రికార్డులో తేడా ఉంటే వెంటనే ఆఫీసులో చెప్పండి. పదో తరగతి పరీక్షల వివరాలు బోర్డుకు వెళ్లాక మార్చడం చాలా కష్టం.

5. ఇంట్లో చిన్నపిల్లలుంటే గుర్తుంచుకోండి: పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. ఆలస్యంగా నమోదైన సర్టిఫికెట్‌ను ఎంపికల దగ్గర అనుమానంగా చూస్తారు.

ఆ అబ్బాయి నాన్నగారు ఇప్పుడు రికార్డు సరిచేయించే పనిలో ఉన్నారు. అండర్-14 ఎలాగూ దాటిపోయింది. వాడు మాత్రం రోజూ సాయంత్రం గ్రౌండ్‌కు వస్తున్నాడు. అండర్-17 ఇంకా ఉంది కదా!

— ఇంగ్లీష్ టీచర్, జ్యోతినగర్ బ్రాంచి