కంప్యూటరు మేలుకొలుపు – కనబడని ఫైలు

అనంతపురం నుంచి కదిరికి పోయే దారిలో, ధర్మవరానికి సమీపాన ఉన్న మండల కేంద్రం బత్తలపల్లి. ఇటువంటి ఊళ్లలోకి కంప్యూటరు 2000వ దశకంలో ఇంటర్నెట్ కేంద్రాల రూపంలోను, డీటీపీ దుకాణాల రూపంలోను ప్రవేశించింది. 2011లో మీసేవ ఆరంభమైన తరువాత రైతుకు అడంగల్ నకలు, విద్యార్థికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు కంప్యూటరు ద్వారానే అందసాగాయి. పెళ్లిపత్రిక మొదలు హాల్‌టికెట్టు వరకు ఆ యంత్రం నుంచే వెలువడుతున్న కాలమిది. అటువంటి యంత్రం ఒకనాటి ఉదయం మేలుకోవడానికి నిరాకరిస్తుంది. నల్లని తెరపై తెల్లని అక్షరాలతో ‘ఫలానా ఫైలు మిస్సింగ్’ అన్న ఒక్క వాక్యం నిలుస్తుంది. చూసినవారి గుండె ఝల్లుమంటుంది. ఏళ్ల తరబడి దాచిన వ్రాతలు, లెక్కలు, ఛాయాచిత్రాలు అన్నీ పోయాయన్న భయం ముందు పుడుతుంది. “ఫార్మాట్ చేయించండి” అన్న సలహా ఆ వెంటనే వస్తుంది. భయం సాధారణంగా నిరాధారమైనది. సలహా మాత్రం ఆ భయాన్ని నిజం చేయగలదు. కనుక ఆ ఒక్క వాక్యం ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో తెలుసుకోవడం అవసరం.

మేలుకొలుపు క్రమం

కంప్యూటరు పనిచేసే వేళ తనకు కావలసిన ఆదేశాలను ర్యామ్ అనే తాత్కాలిక స్మృతిలో ఉంచుకుంటుంది. విద్యుత్తు ఆగగానే ఆ స్మృతి శూన్యమవుతుంది. అందుచేత మీట నొక్కిన ప్రతిసారీ యంత్రం అన్నింటినీ మొదటినుంచి నేర్చుకోవలసిందే. ఆ నేర్పు ఒక్క అంగలో వచ్చేది కాదు. మెట్టు మెట్టుగా వచ్చేది.

మొదటి మెట్టు మదర్‌బోర్డుపై ఉన్న చిన్న చిప్‌లో ఉంటుంది. పాత యంత్రాలలో దీనిని బయాస్ అనేవారు. అది స్మృతి, కీబోర్డు, డిస్కు మొదలైన అవయవాలను పరీక్షించి, ఆపై డిస్కు తొలి భాగాన్ని చదువుతుంది. ఆ తొలి భాగం పరిమాణం కేవలం 512 బైట్లు. యూనికోడ్ రీతిలో ఒక ఉత్పలమాల పద్యాన్ని భద్రపరచడానికి దాదాపు అంతే చోటు కావాలి. ఒక పద్యమంత చోటులో మహాకావ్యమంత ఆపరేటింగ్ సిస్టం ఇమడదు కదా! అందువలన అక్కడ ఉండేది తరువాతి మెట్టు ఎక్కడున్నదో చెప్పే సూచన మాత్రమే.

2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో ఆ తరువాతి మెట్టు పేరు ఎన్‌టీఎల్‌డీఆర్. అది బూట్ ఐఎన్ఐ అనే చిన్న చిరునామా పట్టీని చదివి, విండోస్ ఏ భాగంలో ఉన్నదో తెలుసుకొని, దాని ప్రధానాంగమైన కెర్నల్‌ను, హాల్ డీఎల్ఎల్ అనే సహాయక ఫైలును స్మృతిలోకి తెస్తుంది. ఆపై డ్రైవర్లు, తదుపరి సేవలు, చివరకు మనకు పరిచితమైన తెర. 2007 జనవరిలో సాధారణ వినియోగదారులకు అందిన విస్టాతో ఎన్‌టీఎల్‌డీఆర్ స్థానంలోకి బూట్‌మేనేజర్ వచ్చింది. నేటి యంత్రాలలో బయాస్ స్థానాన్ని యూఈఎఫ్ఐ ఆక్రమించింది. పేర్లు మారినా పద్ధతి మారలేదు. ప్రతి మెట్టూ తన తరువాతి మెట్టును వెతికి, లేపి, బాధ్యతను అప్పగించి తాను తప్పుకుంటుంది. ఈ వరుసలో ఎవరో ఒకరు తన తరువాతివానిని కనుగొనలేనప్పుడు తెరపై నిలిచేదే ఆ హెచ్చరిక.

ఆగిపోవడం దోషమా?

ధర్మవరం పట్టుచీరలకు ప్రసిద్ధి. అక్కడి మగ్గాలపై అంచులు, కొంగులు చిత్రించడానికి జకార్డు పరికరాన్ని వాడుతారు. ఫ్రాన్సు దేశీయుడైన జకార్డు 1804లో రూపొందించిన ఆ పద్ధతిలో, రంధ్రాలు పొడిచిన అట్టల దండ ఒకటి మగ్గంపై తిరుగుతూ ఉంటుంది. ఒక్కొక్క పేక పోగు దాటే వేళ ఏయే పడుగు పోగులు పైకి లేవాలో ఒక్కొక్క అట్ట నిర్ణయిస్తుంది. కంప్యూటర్ల చరిత్రలో ఈ అట్టలకు గౌరవస్థానం ఉంది. రంధ్రాల ద్వారా యంత్రానికి ఆజ్ఞలివ్వవచ్చునన్న ఆలోచనను పందొమ్మిదో శతాబ్దంలో ఛార్లెస్ బాబేజ్ వీటినుంచే గ్రహించాడు.

ఆ దండలో ఒక అట్ట జారిపోయిందనుకుందాం. లోపం జరిగిన సంగతి మగ్గానికి తెలియదు. నేత సాగుతూనే ఉంటుంది. కొంగుపై నెమలి మెడ విరిగిన తరువాత గాని నేతగాని కన్ను ఆ లోపాన్ని పట్టదు. అప్పటికి పట్టు, శ్రమ రెండూ ఖర్చయి ఉంటాయి. కంప్యూటరు అలా చేయదు. తనకు కావలసిన ఫైలు దొరకలేదని తెలియగానే, ఉన్నదానితో ఏదో ఒకటి నేయడానికి పూనుకోక, అక్కడే ఆగి, ఏది దొరకలేదో పేరు పెట్టి చెబుతుంది. తెలియని చోట తెలియదని చెప్పి నిలిచిపోవడం దోషం కాదు, వివేకం. ఆ హెచ్చరిక యంత్రం మరణవార్త కాదు. అది ఒక చిరునామా.

‘లేదు’ అన్న మాటకు అర్థాలు

‘ఫైలు మిస్సింగ్’ అనే వాక్యాన్ని చాలామంది ‘ఫైలు నశించింది’ అని అర్థం చేసుకుంటారు. నిజానికి దాని తాత్పర్యం ‘వెతికిన చోట నాకు కనబడలేదు’ అని మాత్రమే. ఈ రెండింటికీ నడుమ ఎంతో దూరం ఉంది.

ఒకటి, వెతికిన చోటే తప్పు కావచ్చు. యంత్రానికి పెన్‌డ్రైవ్ తగిలించి మరచిపోతే, బయాస్ ముందుగా దానిలో వెతికి, అక్కడ ఏమీ కానక ఫిర్యాదు చేయవచ్చు. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ మీట నొక్కితే సమస్య తీరిపోతుంది. రెండు, చిరునామా తప్పు కావచ్చు. ఎక్స్‌పీ కాలంలో ‘హాల్ డీఎల్ఎల్ లేదు’ అన్న హెచ్చరిక తరచుగా వచ్చేది. అనేక సందర్భాలలో ఆ ఫైలు తన స్థానంలో క్షేమంగానే ఉండేది. బూట్ ఐఎన్ఐలోని దారి మాత్రం డిస్కులోని మరొక భాగాన్ని చూపేది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే. మూడు, ఫైలు ఉండి కూడా చెడిపోయి ఉండవచ్చు. అందుకే విండోస్ తన వాక్యంలో ‘మిస్సింగ్ ఆర్ కరప్ట్’ అని రెండు మాటలూ వాడుతుంది. ఫైలు వ్రాయబడుతున్న క్షణంలో కరెంటు పోతే సగం వ్రాసిన ఫైలు మిగులుతుంది. కరెంటు నిలకడ లేని ఊళ్లలో యూపీఎస్ విలువ ఇక్కడే తెలుస్తుంది. నాలుగు, డిస్కే శిథిలమవుతూ ఉండవచ్చు, లేదా దాని తీగ వదులై ఉండవచ్చు.

అయిదవది విచిత్రమైనది. ఇక్కడ యంత్రం పూర్తిగా మేలుకొని, తెర వచ్చిన తరువాత ‘ఫలానా ఫైలు కనబడలేదు’ అన్న చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్‌లు వ్యాపించిన రోజులలో ఇది సర్వసాధారణం. యాంటీవైరస్ ఆ దుష్ట ఫైలును తొలగించింది గాని, ‘యంత్రం లేవగానే దీనిని పిలువు’ అని వైరస్ వ్రాసిపెట్టిన ఆజ్ఞ మాత్రం ప్రారంభ పట్టికలో మిగిలిపోయింది. యంత్రం ఆ పేరును పిలుస్తుంది, పలికేవారు లేరు. ఇక్కడ లోపించడమే ఆరోగ్యం! చేయవలసినది ఆ ఫైలును వెతికి తేవడం కాదు, పట్టికలోని పిలుపును తుడిచివేయడం. తొలగిన వైరస్‌ను తిరిగి ఇంటికి ఆహ్వానించినవారు కాకూడదంటే, ఏ పేరు లోపించిందో చదవాలి.

లేమిని గుర్తించని నాడు

లోపాన్ని గుర్తించి చెప్పడం ఎంత గొప్ప గుణమో, ఆ గుణం లేని చోట ఏమవుతుందో ప్రపంచం 2024 జులై 19న చూసింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే అమెరికా భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న నవీకరణ ఫైలును ఆనాడు భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు పంపింది. ఆ ఫైలు 21వ విలువను పరిశీలించమని కోరింది. సాఫ్ట్‌వేర్‌కు అందినవి మాత్రం 20 విలువలే. ఇరవై ఒకటవది ఉన్నదా లేదా అని ముందుగా చూసుకోక, దానిని చదవబోయి ఆ సాఫ్ట్‌వేర్ కూలింది. అది కెర్నల్‌లో భాగంగా నడిచేది కావడంతో విండోస్ కూడా దానితో కూలింది. 78 నిమిషాలలో సంస్థ ఆ ఫైలును ఉపసంహరించుకొన్నది గాని, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అప్పటికే 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయి. హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు పట్టుకొని విమానమెక్కారు.

చికిత్స ఎంతో చిన్నది: యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలును తొలగించడం. అయితే లేవని యంత్రానికి నెట్‌వర్క్ ద్వారా మందు పంపడం సాధ్యం కాదు. కనుక అత్యధిక సంఖ్యలో యంత్రాల వద్దకు మనిషి స్వయంగా వెళ్లి కూర్చోవలసి వచ్చింది. ఫైళ్లు, పత్రాలు, చిత్రాలు ఆ యంత్రాలలో భద్రంగానే ఉన్నాయి. మేలుకొలుపు మాత్రమే ఆగింది. ‘లేదు’ అని నిబ్బరంగా చెప్పగలిగిన యంత్రానికి, లేనిదానిపై కాలు మోపి కూలిన యంత్రానికి ఉన్న తేడా ఇదే.

గ్రంథపాతం – పూరణం

ఈ విజ్ఞత తెలుగువారికి కొత్తది కాదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు ఆకు చిరిగిన చోట, చెదలు తిన్న చోట తమ ఊహను చొప్పించక ‘గ్రంథపాతం’ అని గుర్తు పెట్టేవారు. ఇక్కడ పాఠం లోపించిందని నిజాయితీగా చెప్పడమే దాని ఉద్దేశం. ఆ లోపం తీరే మార్గం వేరొక ప్రతి దొరకడం. 1820లో కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకే గ్రంథానికి పలు ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి శుద్ధప్రతులు వ్రాయించాడు. కదిరి ప్రాంతంలోని కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన పద్యాలను ఆయన 1829లో అచ్చువేయగలిగింది పలుచోట్ల పలు ప్రతులు మిగిలి ఉన్నందువలననే.

కంప్యూటరుకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. అయితే ఒక భేదం ఉంది. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన వంటి మహాకవి తన ప్రతిభతో పూరించగలిగాడు. సిస్టం ఫైలు విషయంలో ప్రతిభ పనికిరాదు. అదే సంచికకు చెందిన అక్షరం పొల్లుపోని నకలే కావాలి. ఆ నకలు విండోస్ స్థాపక సీడీలోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఉంటుంది. ఎక్స్‌పీలో రికవరీ కన్సోల్ ద్వారా, తరువాతి సంచికలలో స్టార్టప్ రిపేర్ ద్వారా దానిని తిరిగి నిలపవచ్చు. మేలుకొన్న యంత్రంలో సిస్టం ఫైల్ చెకర్ చెడిన ఫైళ్లను సరిచూసి మార్చుతుంది. ఫైలు పేరు వెతికి ఊరూ పేరూ లేని స్థలం నుంచి డీఎల్ఎల్ తెచ్చి పెట్టడం మాత్రం ప్రమాదకరం. అది ఏ సంచికదో తెలియదు; దానిలో ఏ వైరస్ దాగి ఉన్నదో అంతకన్నా తెలియదు.

చేయవలసినది, చేయరానిది

హెచ్చరిక కనబడినప్పుడు మొదటి పని దానిని పూర్తిగా చదవడం, ఫైలు పేరుతో సహా వ్రాసుకోవడం లేదా ఫోనుతో చిత్రం తీసుకోవడం. ‘ఏదో వచ్చింది’ అని చెప్పే రోగికి వైద్యుడు ఏ మందు ఇవ్వగలడు? రెండవ పని పెన్‌డ్రైవ్, డిస్కుల వంటివి తీసివేసి తిరిగి ప్రారంభించడం. మూడవది, బయాస్ అమరికలో డిస్కు పేరు కనబడుతున్నదా అని చూడడం. కనబడకపోతే సమస్య ఫైలుది కాదు, డిస్కుది లేదా దాని తీగది. డిస్కు నుంచి వింత చప్పుడు వస్తుంటే మరమ్మతు ప్రయత్నాలు మాని, ముందుగా దానిని వేరొక యంత్రానికి కలిపి విలువైన ఫైళ్లను బయటికి తీసుకోవాలి. డిస్కు క్షేమమని తేలినప్పుడే సిస్టం ఫైళ్ల మరమ్మతు.

ఇన్ని మెట్లూ దాటిన తరువాత చివరిది ఫార్మాట్. ఒక్క సిస్టం ఫైలు లోపించినందుకు డిస్కంతా తుడవడం, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్లు. మీసేవ ధ్రువపత్రాలు, భూమి రికార్డులు ప్రభుత్వ సర్వర్లలో ఉంటాయి గనుక ఒక కేంద్రంలోని యంత్రం చెడినా రైతు పొలం మాయమైపోదు. కాని డీటీపీ దుకాణంలో ఏళ్ల తరబడి కూర్చిన పుస్తకం, అధ్యాపకుని పరిశోధన, దివంగతుడైన తండ్రి ఛాయాచిత్రం ఆ ఒక్క డిస్కులో మాత్రమే ఉండవచ్చు. విండోస్ ఫైలుకు లక్షలాది నకళ్లు లోకంలో దొరుకుతాయి. మనిషి స్వయంగా వ్రాసుకొన్నదానికి, తీసుకొన్నదానికి తాను చేసి ఉంచిన నకలు తప్ప మరొకటి దొరకదు. తాళపత్రాలను మరల మరల వ్రాయించినవారి వలననే మనకు కావ్యాలు మిగిలాయి. విలువైన ప్రతి ఫైలుకు వేరొక చోట ఒక నకలు ఉంచుకొనే విద్యార్థికి, ‘ఫైలు లేదు’ అన్న వాక్యం ఒక పూట పనిని మాత్రమే ఆపగలదు.