తొలి పుస్తకానికి చేయూత

మన పిల్లల్లో కథలు, కవితలు రాసేవారున్నారు. వారికి తోడ్పడదలచిన దాతలు ఆ దారి ఎలా ఉంటుందో తెలుసుకోవడం అవసరం.

మొదటి మెట్టు పత్రికలు, కథల పోటీలు. రచన సొంతమని, అనువాదం కాదని, మరెక్కడా అచ్చు కాలేదని, పరిశీలనలో లేదని సాధారణంగా హామీపత్రం జతచేయాలి. ఒకే కథను రెండు చోట్లకు పంపకూడదు. పేజీల పరిమితి దాటకూడదు. ఈ నియమాలు తెలియక మంచి కథలు కూడా పక్కకు పోతుంటాయి.

రెండో మెట్టు పుస్తకం. కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి 35 ఏళ్లు మించని రచయితలకు యువ పురస్కారం ఇస్తోంది. దాని కింద 50,000 రూపాయలు, తామ్రఫలకం అందజేస్తారు. తొలి ఏడాది తెలుగులో ఆ గౌరవం వేంపల్లె షరీఫ్ గారి కథల సంపుటి ‘జుమ్మా’కు దక్కింది.

అయితే అచ్చయిన పుస్తకానికే ఈ అర్హత. నోటుపుస్తకంలోని కథలు లెక్కకు రావు. తెలుగులో తొలి పుస్తకం ఖర్చు తరచూ రచయితే పెట్టుకోవాలి. ఫీజులకే కటకటలాడే ఇంట్లో అది సాధ్యమా? ఈలోగా వయసు దాటిపోతుంది.

డీటీపీ, ప్రూఫులు, ముద్రణ - వీటిలో ఏ ఒక్కటి భరించినా అది విద్యాదానమే. పది ప్రతులు కొని గ్రంథాలయాలకు ఇచ్చినా ఆ బిడ్డకు పాఠకులను ఇచ్చినట్లే.